పచ్చకోట్ల బొంత

బుధవారం మధ్యాహ్నం వెర్డెల్ పికెన్స్ ఓ నల్లటి చెత్తసంచీని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని పాత యూనియన్ హాలు మెట్లెక్కాడు. సంచీలో ఉన్నది చెత్త కాదు, రెండేళ్ల పని. దారిలో ఎవరైనా ఆపి అదేమిటని అడిగితే చర్చికిచ్చే పాతబట్టలని చెబుదామని ఇంటి దగ్గరే నిర్ణయించుకుని బయల్దేరాడు. ఎవరూ అడగలేదు. అయినా పెద్దవీధి బ్రాడ్‌వే మీదుగా రాకుండా వెనక సందులోంచి వచ్చాడు. అరవై తొమ్మిదేళ్ల మనిషి, ఉక్కుమిల్లులో బొగ్గు కాల్చే కోక్ బట్టీల ముందు ముప్ఫయ్యొక్కేళ్లు నిలబడ్డ మనిషి, ఒక బొంత పట్టుకుని నాలుగు వీధులు నడవడానికి భయపడ్డాడంటే నవ్వొస్తుంది. కానీ భయపడ్డాడు.

చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం ఉంది. మూడు వారాల కిందట మంగలిషాపు అద్దం మీంచి, ఎవరూ చూడకుండా పీక్కొచ్చినది. 'మన మగవాళ్లు, మన కళ్లతో. ఈ పేటలో పెరిగిన నల్ల మగవాళ్లు తమ చేతులతో చేసినవి ఏవైనా తీసుకురండి. మనమెవరమో మనమే చెప్పుకుందాం. శనివారం మధ్యాహ్నం ప్రదర్శన.' తమ చేతులతో చేసినవి ఏవైనా. ఆ ముక్క దగ్గర కాగితం చిరిగిపోయేటంతగా అరిగిపోయింది.

హాల్లో అప్పటికే సందడిగా ఉంది. మంగలి రూబెన్ తను కత్తిరించిన నలభై తలల్ని వెనకనుంచి ఫొటోలు తీసి తెచ్చాడు. ఎవరో పాత కారు బానెట్ మీద తండ్రి ముఖం గీసి తెచ్చి గోడకి ఆనించారు. ఈ సరంజామాకంతటికీ పెద్ద డెమెట్రియస్ బాయ్‌కిన్, హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. ముప్ఫై నాలుగేళ్లుంటాయి. మూడు రోజుల నుంచి సరిగ్గా నిద్రలేని కళ్లు.

"రండి పికెన్స్ గారూ, రండి! మీరూ తెచ్చారా! పేటలో బయటివాళ్లు మన మగవాళ్లని రెండుసార్లే ఫొటో తీస్తారండీ, చేతికి సంకెళ్లున్నప్పుడు, చేతిలో బంతున్నప్పుడు. ఈ మధ్యలో మనం బతికిందంతా ఎక్కడుందని నా గోల. ఏదీ, చూపించండి."

"ఏం తెచ్చావురా వెర్డెల్? పట్టిన చేపకి గడ్డి కూరి పట్టుకొచ్చావా?"

ఆ గొంతు పైనుంచి వచ్చింది. అలాంజో గెయిన్స్ నిచ్చెన మీద ఉన్నాడు, చేతిలో సుత్తి, పెదాల మధ్య మూడు మేకులు. బట్టీల దగ్గర వెర్డెల్‌తో పాటే చేరాడు, పాటే రిటైరయ్యాడు. మేకులు నోట్లో పెట్టుకుని కూడా వాగగలిగిన మనిషి ఆ ఊరు మొత్తానికి అతనొక్కడే.

డెమెట్రియస్ సంచీ విప్పి, రెండు బల్లలు కలిపి బొంతను పరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు.

మొత్తం తొమ్మిది చదరాలు. మూడేసి చొప్పున మూడు వరసలు. అన్నీ మిల్లువాళ్లు నిప్పురవ్వలకు తట్టుకోవడానికి వేసుకునే పచ్చ కోట్లే, కానీ వెలిసి వెలిసి ఏ రెండూ ఒక్క పచ్చలో లేవు. ఒకటి సీసాపెంకులా, ఒకటి పాచిలా, ఒకటి ఎండిపోయిన బీన్స్ కాయలా ఉంది. ప్రతి చదరంలోనూ ఓ ఛాతీజేబు. ప్రతి చదరం నిండా రవ్వలు పడి కాలిన చిల్లులు, ఆ చిల్లుల్ని ఎప్పుడో ఎవరో మూసిన గుండ్రటి కుట్లు. చదరాల మధ్య నీలం జీన్సు గుడ్డ పట్టీలు. మొత్తం మూడు పొరలనీ కలుపుతూ అలల్లాగా చిన్నచిన్న కుట్లు, వెతికితే తప్ప కనపడనివి.

"అమ్మో," అన్నాడు డెమెట్రియస్. వేళ్లతో ముట్టుకోబోయి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. "ఎవరు చేశారండీ ఇది?"

నేనే. ఆ ఒక్క మాటా వెర్డెల్ మూడు వారాలుగా గడ్డం గీసుకుంటూ అద్దం ముందు పలికి చూసుకుంటున్నాడు. ఇప్పుడు నోరు తెరిచాడు కూడా.

"ఎవరేమిటయ్యా మాస్టారూ, వాళ్లావిడ ఎర్లీన్ కాక!" అలాంజో నిచ్చెన మీంచి పకపకా నవ్వాడు. "వీడా కుట్టేది? వీడికి ప్యాంటు గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకుని నెల తిరుగుతాడు!"

రూబెన్ నవ్వాడు. బానెట్ తెచ్చినతను నవ్వాడు. ముగ్గురూ మంచివాళ్లే, నవ్వులో విషం లేదు. వెర్డెల్ కూడా నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

"అవును. మా ఆవిడదే," అన్నాడు.

డెమెట్రియస్ ముఖం వాడిపోయింది. "అయ్యో. మగవాళ్లు చేసినవే పెట్టాలని రూలండీ, నేనే పెట్టాను. ఆడవాళ్లు పంపినవి ఆరు తిప్పి పంపించాను. ఇప్పుడు ఇదొక్కటీ..." బొంత వైపు చూసి వదల్లేకపోయాడు. "ఒక పని చేస్తాను. తిండి బల్లలున్నచోట వెనకగోడ ఖాళీగా ఉంది. అక్కడ వేలాడదీస్తాను. సిస్టర్ ఎర్లీన్ పేరు పెద్దక్షరాలతో రాస్తాను. స్కూలు పాసైన ఏడు చర్చిలో ఆవిడ నాకిచ్చిన బొంత ఇప్పటికీ నా మంచం మీదే ఉంది, తెలుసా మీకు? కాలేజీ హాస్టల్లో హీటర్ పనిచెయ్యని గదిలో నాలుగు చలికాలాలు ఆవిడే నన్ను కాపాడింది."

వెర్డెల్‌కు ఆ బొంత తెలుసు. అంచుకి పసుపు చారల గుడ్డ. నాలుగో వరసలో ఒక ముక్క తిరగబడితే విప్పి మళ్లీ కుట్టాడు.

"సరే బాబూ. నీ ఇష్టం," అన్నాడు. ఖాళీ సంచీని చిన్నగా, ఇంకా చిన్నగా మడుచుకుంటూ మెట్లు దిగాడు.

*

ఎర్లీన్ వంటింట్లో ఆకుకూర తుంచుతోంది. భర్త ముఖం చూడగానే చేతులు ఆపింది.

"చెప్పలేదన్నమాట."

"అలాంజో ఉన్నాడక్కడ."

"అలాంజో ఎక్కడ లేడు? స్వర్గంలో కూడా గేటు దగ్గర నిలబడి వచ్చేవాళ్లందరి మీదా జోకులేస్తుంటాడు. ఎవరిదన్నావు?"

వెర్డెల్ కుర్చీ లాక్కుని కూర్చుని బూటు తాళ్లు విప్పుకోసాగాడు.

"పికెన్స్." కోపం వస్తే ఆమె ఇంటిపేరుతో పిలుస్తుంది, ప్రేమ ఎక్కువైనా అలాగే పిలుస్తుంది. ఇది రెండోది కాదు. "ముప్ఫయ్యేళ్లుగా ప్రతి జూన్‌లోనూ పాసైన పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరికీ ఒక బొంత ఇప్పించి, నన్ను లేపి నిలబెట్టి, చర్చి చర్చంతా చప్పట్లు కొడుతోంది. నాకు సూదిలో దారం ఎక్కించడం రాదని నీకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలీదు. ఈ ఒక్క ఏడాదికి అన్నావు. సరేలే మగాడు సిగ్గుపడుతున్నాడు అనుకున్నాను. ముప్ఫయ్యేళ్లయింది! నేను అబద్ధమాడుతున్నది ఎక్కడో తెలుసా? చర్చిలో!"

"నలుగురూ ఏమనుకుంటారు, ఎర్లీన్?"

"ఏ నలుగురు? నీ బొంతలో ఉన్న ఆ తొమ్మిదిమందా? పాపం వాళ్లు పోయారు. వాళ్ల పెళ్లాలు ఒక్కొక్కళ్లూ ఈ గుమ్మంలో నిలబడి, ఆయన కోటు పారెయ్యలేకపోతున్నాను సిస్టర్ ఎర్లీన్, నీ చేత్తో ఏమైనా చెయ్యవూ అని ఏడుస్తూ నా చేతికిచ్చారు. తీసుకున్నాను. కిందికి తెచ్చి నీకిచ్చాను. ఆ ఏడుపంతా నా ఖాతాలో, ఆ పనంతా చీకట్లో. నాకు చేతకావడం లేదు ఇక."

ఆమె ఆకుల గిన్నె పక్కకి నెట్టి, చేతులు తుడుచుకుంది.

"శనివారం నేను వస్తాను. నా ఊదారంగు టోపీ పెట్టుకుని మరీ వస్తాను. ఎవరేమడిగినా ఇక నా నోట అబద్ధం రాదు. నిజం కూడా నేను చెప్పను. అది నీది. నీ నోటితో నువ్వే చెప్పుకోవాలి."

భోజనమయ్యాక వెర్డెల్ అలవాటుగా కింది గదిలోకి దిగాడు. ఇంటికి వేడినిచ్చే కొలిమిపెట్టె పక్కన ఒక బల్ల, ఒక దీపం, పాత సిగార్ పెట్టెల నిండా దారాలు. నేల మట్టానికున్న చిన్న కిటికీకి దళసరి గుడ్డ, దానికి చుట్టూ మేకులు. తలుపుకి లోపలినుంచి గడియ. ఎవరైనా వస్తే బొంత మీద కప్పెయ్యడానికి ఒక టార్పాలిన్ కూడా పక్కనే ఉంటుంది. కొత్త ముక్కలు రెండు తీసి జత చూశాడు. వేలితొడుగు తొడుక్కున్నాడు, తీసేశాడు. ఆ రోజు ఒక్క కుట్టూ పడలేదు.

*

శుక్రవారం పొద్దున సాయం చేసే మిషతో హాలుకి వెళ్లాడు. జేబులో సూది, దారం, వేలితొడుగు ఉన్నాయి. ఎందుకు పెట్టుకున్నాడో అతనికే తెలీదు.

లోపల పెద్ద గోడ మీద ఫొటోలు, బొమ్మలు, బానెట్ కుదురుగా సర్దేశారు. నట్టనడిమి గోడ మీద డెమెట్రియస్ స్వయంగా గీసిన ఆరడుగుల బొమ్మ: కిటికీ పక్కన ఒంటరిగా కూర్చున్న మనిషి, ముఖం మాత్రం ఖాళీ. బాగుంది. వెర్డెల్ దాని ముందు ఆగి, మూల తిరిగి తిండి బల్లల వైపు వెళ్లాడు.

బొంత అక్కడే ఉంది. కాఫీ డ్రమ్ము వెనకాల. పక్కన అట్ట మీద పెద్దక్షరాలు: 'ఎర్లీన్ పికెన్స్. మన మగవాళ్ల వెనక నిలబడిన చేతులు.' అలాంజో స్టూలెక్కి ఉన్నాడు. మూడు మేకులు బొంత చివర్లలో దిగిపోయి ఉన్నాయి. నాలుగోది మధ్య వరసలో కుడిచివరి చదరం గుండెల మీద పెట్టి సుత్తి ఎత్తాడు.

"ఆగు!"

అప్పటికే దెబ్బ పడింది. ఆ దెబ్బ తన ఒంటిమీద పడ్డట్టే వెర్డెల్ భుజాలు ముడుచుకుపోయాయి.

"ఏంట్రా, జారిపోతోంది, మేకు కొట్టకపోతే ఎలా నిలబడుతుంది?"

"తియ్యి ఆ మేకు. తియ్యమన్నానా!"

అలాంజో కళ్లు పెద్దవి చేశాడు. నలభై ఏళ్లలో వెర్డెల్ గొంతు ఇంత పైకి లేవడం ఎప్పుడూ వినలేదు. మేకు పీకాడు. గుడ్డలో బఠాణీగింజంత చిల్లు మిగిలింది.

"వెనకాల చూడు," అన్నాడు వెర్డెల్ ఊపిరి సర్దుకుంటూ. "పైఅంచు పొడవునా గొట్టంలా ఒక పట్టీ కుట్టుంది. అందులోంచి కర్ర దూర్చి కర్రని తగిలించాలి. మేకులు ముట్టుకోనక్కర్లేదు."

అలాంజో తిప్పి చూసి ఈల వేశాడు. "ఓరి నాయనో! ఆవిడ ఎంత ముందుచూపుతో చేసిందిరా! నీకు దొరికిందిరా రత్నం. నువ్వేమో దాన్ని పట్టుకుని చెత్తసంచీలో తెచ్చావు."

ఇప్పుడు చెప్పొచ్చు. ఎవరూ లేరు, ఒక్క అలాంజోయే. వెర్డెల్ చెయ్యి జేబులోకి పోయి వేలితొడుగుని పట్టుకుంది. అలాంజో కర్ర కోసం వెతుకుతూ, "ఆ చిల్లు సంగతి ఎర్లీన్‌కి చెప్పకు, నన్ను కాల్చేస్తుంది" అన్నాడు.

"చెప్పనులే," అన్నాడు వెర్డెల్. చెయ్యి జేబులోంచి ఖాళీగా వచ్చింది.

ఇంటికి వెళ్తూ ఈసారి బ్రాడ్‌వే మీంచే నడిచాడు. దాక్కోవడానికి చేతిలో ఏమీ లేదు మరి. ఇంత బతుకు బతికి ఒక మాట చెప్పలేకపోయానే అని తనమీద తనకే అసహ్యం వేసింది. బట్టీల దగ్గర తనతో పనిచేసి పోయిన వెండెల్ కోటు. దేశంలో ఇంతమంది కోట్లుండగా మేకు వెండెల్ కోటు మీదే దిగాలా?

*

శనివారం రెండింటికల్లా హాలు కిక్కిరిసిపోయింది. చర్చి ఆడవాళ్లు టోపీలతో వచ్చారు. ముసలాళ్లు ఇస్త్రీ మడత చెడకుండా నిలబడి, ఒకళ్ల తలని ఇంకొకళ్లు రూబెన్ ఫొటోల్లో గుర్తుపడుతున్నారు. "ఇది నీ బుర్రేరా, వెనకనుంచే ఇంత వికారంగా ఉందంటే నీదే!" "నీదుందా? నీకు వెంట్రుకలున్నప్పుడు తీసిందే ఒకటి వెతుకు!" బానెట్ ముందు ఒకాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. వేపిన చేప, మొక్కజొన్న రొట్టె, చిలగడదుంపతో చేసిన తీపి 'పై', ఎర్రటి పళ్లరసం పంచ్ ఉన్న గాజుతొట్టి. తిండి బల్లల దగ్గరే జనం ఎక్కువ, కాబట్టి బొంత ముందూ జనం ఎక్కువే. డెమెట్రియస్ అనుకోనిది అదొక్కటే జరిగింది.

ఎర్లీన్ ఊదారంగు టోపీతో మొదటి వరస కుర్చీలో కూర్చుంది. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆమె చెయ్యి పట్టుకుని పొగుడుతున్నారు. ఆమె "ఆ చేప తినండి, బాగుంది" అంటోందే తప్ప ఇంకో మాట లేదు. వెర్డెల్ పంచ్ తొట్టి పక్కన కాగితం పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. పళ్లెంలో చేపముక్క అరగంట నుంచి అలాగే ఉంది.

డెమెట్రియస్ మైకు పట్టుకుని వచ్చినవాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు. "చివరగా, మన వెనక నిలబడిన చేతులకి. సిస్టర్ ఎర్లీన్ పికెన్స్!" చప్పట్లు మోగాయి. ఆమె లేవలేదు.

మదర్ క్రంప్ మాత్రం లేచింది. ఎనభై నాలుగేళ్లు, చర్చిలో అందరూ మదర్ అనే పెద్దదిక్కు, ఆమె మాటకి పాస్టరు కూడా కూర్చుంటాడు. కళ్లజోడు సర్దుకుని బొంత దగ్గరికి వెళ్లి ముక్కు ఆనించినంత దగ్గరగా చూసింది.

"ఇక్కడెవరో మేకు కొట్టారు. ఏ దరిద్రుడో గానీ!"

అలాంజో ఇద్దరు మనుషుల వెనక్కి జరిగాడు.

మదర్ క్రంప్ చేతిసంచీ తెరిచి, మందుబిళ్లలూ పిప్పర్‌మెంట్లూ పక్కకి నెట్టి, సూదీ దారం బయటికి తీసింది. "సిస్టర్ ఎర్లీన్, ఇలా రామ్మా. ఈ పిల్లకాయల ముందు ఆ చిల్లు ఒక్కటీ కుట్టి చూపించు. ఆ చెయ్యి ఎలా ఆడుతుందో వీళ్లు కూడా చూడాలి."

ఎర్లీన్ లేచి నిలబడింది. టోపీ సర్దుకుంది. అంతమందిలోనూ నేరుగా మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అదే వెర్డెల్‌ని చంపేసింది.

"నా చేతికివ్వకండి మదర్," అంది. "అది నా పని కాదు." కూర్చుంది.

హాలంతా గుసగుసలాడింది. ఒంట్లో బాలేదేమో అని ఎవరో అన్నారు. మదర్ క్రంప్ సూది పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెర్డెల్ పళ్లెం బల్ల మీద పెట్టాడు. బట్టీ తలుపు మొదటిసారి తెరిచినప్పుడు కూడా ఇలాగే భయపడ్డాడు, అప్పుడూ ముందుకే నడిచాడు. ఇప్పుడూ నడిచాడు.

"ఇలా ఇవ్వండి మదర్."

"నీకెందుకయ్యా?"

"అది నేను కుట్టింది." గొంతు చిన్నగా వచ్చింది. గొంతు సర్దుకుని మళ్లీ అన్నాడు, ఈసారి వెనకవాళ్లకి కూడా వినపడింది. "ఈ బొంత నాది. నేనే కుట్టాను. ముప్ఫయ్యేళ్లుగా చర్చిలో ఇచ్చినవన్నీ నేనే కుట్టాను. మా ఆవిడకి కుట్టడం రాదు, నేను సిగ్గుపడితే నా బదులు నిలబడింది. తప్పంతా నాది."

అలాంజో పకాలుమన్నాడు. "ఒరేయ్, జోకెయ్యడానికి ఇదా సమయం!"

అతను ఒక్కడే నవ్వాడు. ఆ నవ్వు అంత పెద్ద హాల్లో ఒంటరిగా తిరిగి తిరిగి ఆగిపోయింది.

వెర్డెల్ కుర్చీ లాక్కున్నాడు. జేబులోంచి వేలితొడుగు తీసి మధ్యవేలికి తొడిగాడు. దారాన్ని వెలుతురుకి పెట్టి, మొదటి పోటుకే సూదిలోకి ఎక్కించాడు. చివర ముడి వెయ్యలేదు. మొదటి కుట్టు వేసి, దారం పోగుల్ని సూదిమొనతో రెండుగా చీల్చి, ఆ చీలికలోంచే సూదిని వెనక్కి లాగాడు. దారం తనని తానే పట్టుకుంది. తర్వాత చిల్లు చుట్టూ ఒక్కొక్క కుట్టూ గుండ్రంగా వేసుకుంటూ వచ్చాడు.

జనాన్ని తోసుకుంటూ అలాంజో ముందుకొచ్చాడు. వంగి చూశాడు. ముఖంలో నవ్వు పోయింది.

"ముడి లేకుండా అలా మొదలుపెట్టడం నీకెవరు నేర్పారు?"

"ఎవరు నేర్పుతారు? నీకు నేర్పినవాడే. ఆ జేబులో చెయ్యి పెట్టు."

అలాంజో చిల్లు పక్కనున్న జేబులో రెండు వేళ్లు పెట్టాడు. ఒక సీసాబిరడా బయటికి వచ్చింది. దానికి గుచ్చిన లావుపాటి సూది, చుట్టూ చుట్టిన మైనపు దారం. చూసేవాళ్లకి అది చెత్త. అలాంజో మాత్రం దాన్ని అరచేతిలో పెట్టుకుని కదల్లేదు.

బట్టీల దగ్గర పనిచేసిన ప్రతివాడికీ ఆ బిరడా తెలుసు. కోటుకి చిల్లు పడితే కొత్తది ఇచ్చే కిటికీ ఒకటుండేది. ఆ కిటికీ వెనక తెల్లమనిషి వీళ్లని గంట నిలబెట్టి, మీవాళ్లకి ఏదిచ్చినా తగలేస్తారని నలుగురి ముందూ అని, అప్పుడిచ్చేవాడు. అందుకని అక్కడికి వెళ్లడం మానేశారు. మధ్యాహ్నం రొట్టె తిన్నాక బట్టీల పక్కనున్న కొట్టుగదిలో పన్నెండుమంది మగాళ్లు గోడకి చేరగిలబడి, ఒకళ్ల చేతిలోంచి ఒకళ్లు ఆ సూది అందుకుని, ఎవడి కోటు వాడు బాగుచేసుకునేవాడు. దాన్ని మరమ్మతు అనేవారు. కుట్టడం అని ఒక్కడూ, ఒక్కసారీ అనలేదు. నేర్పినవాడు అలాంజో అన్న, వెండెల్.

"ఇది... మావాడి కోటా?"

"మీ వదిన అట్లాంటా వెళ్లేముందు ఇచ్చింది. జేబులో ఏముంటే అది అలాగే ఉంచాను. అందరివీ అంతే."

"నిన్న నేను మేకు కొట్టింది..."

"దీనిమీదే."

అలాంజో పెద్ద ముఖం ముడుచుకుపోయింది. కళ్లు తుడుచుకోలేదు, దాచుకోలేదు కూడా. బిరడా పట్టుకునే, "లే" అన్నాడు.

"ఏం?"

"లేవమన్నానా! మేకు కొట్టింది నేను. కుట్టేది కూడా నేనే."

కుట్టడమన్న మాట అతని నోట్లోంచే వచ్చింది, ఆ సుత్తి మనిషి నోట్లోంచి. వెర్డెల్ లేచాడు. అలాంజో కూర్చుని, బిరడా మీది సూదే తీసి, వెర్డెల్ ఆపినచోట అందుకున్నాడు. లావు వేళ్లు మొదటి రెండు కుట్లకి తడబడ్డాయి. మూడోదానికి గుర్తు తెచ్చుకున్నాయి.

"కళ్లు కనపడక గానీ, నేను వీడికంటే నీటుగా వేసేవాణ్ణి," అన్నాడు తలెత్తకుండా.

"నువ్వా?" వెనకనుంచి ఒక ముసలాయన గదమాయించాడు. "నీ కోటు వెనకభాగం నేను చేసిపెట్టేవాణ్ణిరా! రొట్టె సగం ఇస్తానని బతిమాలుకునేవాడివి!" చుట్టూ నవ్వులు. ఆ నవ్వుల్లోంచి ఇంకో ముసలాయన వచ్చాడు, ఇంకొకాయన. పైవరస ఎడమ జేబులో దువ్వెన దొరికింది. "ఇది మాన్సన్‌ది, అంతే, బట్టతలాడికి దువ్వెనెందుకని అడిగితే ఆశ అనేవాడు!" కింది వరసలో సగం నమిలిన పెన్సిలు, పక్కనే ఒక పాప పాలపన్ను చుట్టిన గుడ్డ. ఆ పాప ఇప్పుడు నలభై ఏళ్ల మనిషి, రెండో వరసలో నిలబడి ఉంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నాన్న పారేశాననే చెప్పాడు" అంది. ఇక ఆగలేక ఏడ్చేసింది. ముసలాళ్లిద్దరు ఆమెకి చెరో వైపూ నిలబడ్డారు.

డెమెట్రియస్ వెర్డెల్ ముందుకొచ్చి నిలబడ్డాడు. మైకు ఇంకా చేతిలోనే ఉంది.

"పసుపు చారల అంచున్నది. నాది. అదీ మీరేనా?"

"నాలుగో వరసలో ఒక ముక్క తిరగబడింది బాబూ. విప్పి మళ్లీ వేశాను. జాడ ఉంటుంది చూడు."

"ఉంది," అన్నాడు డెమెట్రియస్. "నిద్ర పట్టనప్పుడు వేలితో దాన్నే తడుముకుంటాను. పదిహేనేళ్లుగా." తిన్నగా నడిమి గోడ దగ్గరికి వెళ్లి తన ఆరడుగుల బొమ్మని రెండు చేతులా ఎత్తి దించేశాడు. "ఎవరైనా సాయం పట్టండి! కాఫీ డ్రమ్ము జరపండి! బొంత ఇక్కడికి రావాలి!"

పచ్చ కోట్లు తొమ్మిదీ జనం తలల మీదుగా నడిమి గోడకి వెళ్లాయి. కర్ర ఒక చివర అలాంజో, రెండో చివర వెర్డెల్ పట్టుకున్నారు. హాలు ఎంత గట్టిగా చప్పట్లు కొట్టిందంటే కిటికీ అద్దాలు ఝల్లుమన్నాయి. మదర్ క్రంప్ చేతికర్రతో నేలని కొడుతూ, "ముప్ఫయ్యేళ్లు నాచేత తప్పు మనిషికి చప్పట్లు కొట్టించావు కదయ్యా, ఇప్పుడు వడ్డీతో సహా తీసుకో!" అని అరుస్తోంది. వెర్డెల్‌కి ఎక్కడ చూడాలో తెలీలేదు. చివరికి ఎర్లీన్ వైపు చూశాడు. ఆమె లేచి నిలబడి, ముప్ఫయ్యేళ్లలో మొదటిసారి, తానూ చప్పట్లు కొడుతోంది.

డెమెట్రియస్ కొత్త అట్టా పెన్నూ తెచ్చాడు. వెర్డెల్ తన పేరు రాశాడు. కింద తొమ్మిది పేర్లూ రాశాడు. అలాంజో భుజం మీంచి చదివి గొణిగాడు.

"నాదేదిరా?"

"నీ కోటు ఇందులో లేదుగా. నువ్వింకా పోలేదుగా."

"అయితే పోయేదాకా ఆగాలా నేను? ఇంట్లో పెట్టెలో మూలుగుతోంది నా కోటు. నీకెందుకిస్తాను, నేనే కుట్టుకుంటాను. సోమవారం వస్తా. ఎన్నింటికి రమ్మంటావు, ఇన్నాళ్లూ నువ్వు దాక్కుని కుట్టిన చోటికి?"

జవాబు ఎర్లీన్ చెప్పింది. "తొమ్మిదింటికి రా. కిందిగదికి కాదు. నా ఇంటి వరండాలోకి."

*

సోమవారం ఎండ బాగా కాసింది. ఎర్లీన్ రెండు కుర్చీలు వరండాలో వేసి, కింది కిటికీకి ఉన్న గుడ్డ పీకి చెత్తబుట్టలో పారేసింది. తొమ్మిదింటికి అలాంజో కోటుతో వచ్చాడు. పదింటికి ఇద్దరు ముసలాళ్లు తమ కుర్చీలు తామే మోసుకొచ్చారు. పదకొండింటికి మంగలి రూబెన్ షాపుకి తాళం వేసి, చూసిపోదామని వచ్చి, ఒక సూది పుచ్చుకుని కూర్చున్నాడు. "ఇంత వంకరగా జుట్టు కత్తిరిస్తే నీ షాపు ఎప్పుడో మూతబడేది," అని అలాంజో అతన్ని ఏడిపిస్తున్నాడు.

వీధిలో పోతున్న ఒక కారు నెమ్మదించింది. అద్దం దించి ఎవరో కుర్రాళ్లు తల బయటికి పెట్టారు. వరండాలో ఐదుగురు పెద్ద మగవాళ్లు ఒకే పచ్చ గుడ్డ మీదికి వంగి ఉండడం చూసి వాళ్లకి ఏమీ అంతుబట్టలేదు.

"ఏం చేస్తున్నారు పెద్దాయనా?"

వెర్డెల్ దారం చివర కొరికి, తలెత్తి, వీధి చివరిదాకా వినపడేలా చెప్పాడు.

"కుడుతున్నాం!"